దుకాణం తెరిచే ముందు ఒక బొమ్మను బెంగళూరు పంపి చూడండి

"నా బొమ్మలు ఆన్‌లైన్‌లో పోతాయా అన్నా?" హన్మకొండలో ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలు, ఇంటి పని అయ్యాక గుండ్రటి మండల డిజైన్లు గీసే ఆడవాళ్లు, చేర్యాల పటాలు గీసే పద్ధతి నేర్చుకున్నవాళ్లు, పెళ్లి జంటల పెన్సిల్ బొమ్మలు వేసేవాళ్లు, అందరూ అడిగేది ఇదే. బొమ్మ బాగుందా లేదా అన్నది ఇక్కడ సగం సంగతి కూడా కాదు. ఐదు వందల లైకులు వచ్చిన బొమ్మకు ఒక్క గిరాకీ కూడా రాకపోవడం మామూలే. లైకు కొట్టడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు కదా. చూసుకోవాల్సింది వేరే ఉంది. ముఖం తెలియని మనిషి ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు కడితే, అదే రంగు, అదే సైజు, మూల నలగకుండా ఆ ఇంటికి చేర్చగలరా? నచ్చలేదని వెనక్కి పంపితే ఆ ఖర్చు భరించగలరా?

ఇది కూర్చొని ఆలోచిస్తే తేలేది కాదు, పంపి చూస్తేనే తేలుతుంది. 12×16 అంగుళాల బొమ్మ ఒకటి తీసుకోండి. అమ్ముదామనుకుంటున్న రకమే కావాలి, కానీ పోయినా ఏడవనిది. గిరాకీకి ఎట్ల కడతారో అట్లనే కట్టి, బెంగళూరులోనో భివండీలోనో ఉన్న చుట్టాలకు మామూలు కొరియర్‌లో పంపండి. వానాకాలంలో అయితే ఇంకా మంచిది. అందినవాళ్లకు మూడు పనులు చెప్పండి. పెట్టె విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆపకుండా వీడియో తీయాలి. మీరు పంపిన ఫొటోను ఫోన్‌లో తెరిచి, పగటి వెలుతురులో బొమ్మ పక్కన పెట్టి చూడాలి. తర్వాత అదే పెట్టెలో కట్టి వెనక్కి పంపాలి. రానుపోను అయ్యే కొరియర్ ఖర్చుకు వచ్చే తెలివి ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ రాదు.

తిరిగొచ్చిన పెట్టెను చదవడం నేర్చుకోవాలి. మూల నలిగితే లోపల చుట్టూ ఖాళీ చాల్లేదని అర్థం. కాన్వాస్ మీద చిన్న చిన్న గుండ్రటి అచ్చులు పడితే బబుల్ రాప్ నేరుగా రంగుకు తగిలిందన్నమాట. కాగితం అలలు తేలితే లోపలికి తేమ చేరిందన్నమాట. "ఫోన్‌లో ఎరుపు, చేతిలో నారింజ" అని అక్కడివాళ్లు అంటే తప్పు కొరియర్‌ది కాదు, మీ ఫొటోది. పెట్టె మీద "జాగ్రత్త, పగులుతుంది" అని స్టిక్కర్ వేసి నిమ్మళంగా ఉండకండి. వందల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడే చోట స్టిక్కర్ చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ముందు బొమ్మ నిలవాలి

మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది. రేకుల షెడ్డులో ఆరబెట్టిన బొమ్మకు, మే నెలలో కొరియర్ వ్యానులో రెండు రోజులు ఉడికిన బొమ్మకు ఏమవుతుందో తెలియకుండా అమ్మకానికి దిగొద్దు. యాక్రిలిక్ రంగు అంటే ప్లాస్టిక్ పొరే. చేతికి ఆరినట్టే ఉంటుంది, వేడికి మళ్లీ మెత్తబడి జిగురెక్కుతుంది. రెండు కాన్వాసులు ముఖం ముఖం కలిపి పెడితే అతుక్కుపోతాయి, విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదానికి ఊడొస్తుంది. స్టేషనరీ దుకాణంలో బటర్ పేపర్ పేరుతో ఇచ్చేది కూడా వేడికి అంటుకోవచ్చు. బేకరీవాళ్లు కేకు కింద పరిచే బేకింగ్ పేపర్‌కు సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి అది అంటదు, రంగు మీద అదే పరవండి.

ఆయిల్ రంగు సంగతి వేరు. వారం పది రోజుల్లో పైన ఆరినట్టు కనిపిస్తుంది కానీ లోపల పూర్తిగా గట్టిపడడానికి ఆరు నెలలు, మందంగా వేస్తే ఏడాది. అందుకే "పుట్టినరోజు పదిహేను రోజుల్లో ఉంది, ఆయిల్‌లో వేసి పంపండి" అన్న ఆర్డరుకు కాదనడమే మంచిది. చేయగలిగేది యాక్రిలిక్ అని అప్పుడే చెప్పేయండి.

వెలిసిపోయే రంగులది ఇంకా పెద్ద బెడద. స్కెచ్ పెన్నులు, జెల్ పెన్నులు, మెరిసే గులాబీ పోస్టర్ రంగులు చాలావరకు డైతో చేసినవి. ఎండ తగిలే గోడ మీద ఏడాది తిరక్కుండానే తెల్లబోతాయి. పరీక్ష చాలా తేలిక. మీరు వాడే ప్రతి రంగునూ ఒక కాగితం పట్టీ మీద వరుసగా పూయండి. సగం పట్టీని అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, పడమటి కిటికీకి లోపలి వైపు అతికించండి. మార్చి నుంచి మే దాకా అక్కడే ఉంచి, ఫాయిల్ తీసి రెండు సగాలు పోల్చండి. ఓపెరా పింక్, అలిజరిన్ క్రిమ్సన్ లాంటివి ముందు పోతాయి. ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు ఉంటుంది, అలిజరిన్‌ది పీఆర్83. లైట్‌ఫాస్ట్‌నెస్ (వెలుతురుకు రంగు నిలిచే గుణం) 1 లేదా 2 అని ఉన్న ట్యూబులే అమ్మే బొమ్మలకు వాడండి. రంగు వెలిసిన బొమ్మను కొన్నవాళ్లు మీకు తిరిగి పంపరు, ఫోనూ చేయరు. పక్కింటివాళ్లకు మాత్రం చెబుతారు.

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. వాటర్ కలర్‌కు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) పత్తి కాగితం, ప్యాకెట్ మీద యాసిడ్ ఫ్రీ అని ఉన్నది. చార్టు మీద వేసిన బొమ్మ ఎంత బాగున్నా అమ్మకానికి పనికిరాదు. కలప గుజ్జులోని లిగ్నిన్ వల్ల ఆ కాగితం పసుపుబారి, పెళుసుబారుతుంది.

చేర్యాల పద్ధతి వాళ్లకు ఒక మాట. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూసి చేసిన ఆ గుడ్డ చుట్టడానికే పుట్టింది. కథ చెప్పేవాళ్లు ఊరూరా చుట్టుకొని తిరిగిన పటం అది. కానీ మడత పెడితే పూత పగులుతుంది, మడత గీత మళ్లీ పోదు. పూతలో ఉన్నదంతా పురుగుకు, బూజుకు తిండే కాబట్టి వానాకాలంలో నిల్వ చేసే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసే చేర్యాల మాస్కులు తేలికే, విరిగేది ముక్కూ చెవులే. నిర్మల్ బొమ్మల పొనికి కర్ర కూడా తేలికే కానీ అంచుల రంగు రాపిడికి లేస్తుంది. వీటిని ఎప్పుడూ వార్తాపత్రికలో చుట్టకండి, అచ్చు సిరా తెల్లటి రంగుకు అంటుకుంటుంది. పెంబర్తి ఇత్తడి సామానుకు పెద్ద శత్రువు వేలి చెమట. మెత్తటి గుడ్డతో తుడిచి, తుడిచాక చేతితో ముట్టకుండా తెల్ల టిష్యూలో చుట్టాలి.

ఫొటో

ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య, నేరుగా ఎండ పడని వరండా గోడ చాలు. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ వద్దు, ఫోన్ దానంతట అదే రంగులు పెంచే సదుపాయం ఉంటే ఆపేయండి. బొమ్మ పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టి తీసి, ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా ఎడిటింగ్‌లో సరిచేసి, తర్వాత ఆ భాగం కత్తిరించండి. చేసే ఎడిటింగ్ అంతవరకే. దగ్గర నుంచి తీస్తే అంచులు ఉబ్బినట్టు వస్తాయి కాబట్టి ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్సుతో తీయండి. ఫోన్ బొమ్మకు సరిగ్గా ఎదురుగా, బొమ్మ మధ్యభాగం ఎత్తులో ఉండాలి. లేకపోతే చతురస్రం కాస్తా చాట ఆకారమవుతుంది.

నిర్మల్ పెయింటింగ్‌లోని బంగారు రంగు, ఇత్తడి, వార్నిష్ కొట్టిన కాన్వాస్ అద్దంలాగా ఎదుట ఉన్నదాన్ని చూపిస్తాయి. మీరు తెల్ల చొక్కా వేసుకుంటే చొక్కా కనిపిస్తుంది. ఒక నల్ల చార్టుకు మధ్యలో రంధ్రం చేసి, ఆ రంధ్రంలోంచి లెన్సు పెట్టి తీయండి, మెరుపు మాయమవుతుంది.

ఒక్కో బొమ్మకు ఐదు ఫొటోలు కావాలి. ఎదురుగా మొత్తం, అంచు మందం కనిపించేలా పక్కనుంచి, వెనుక వైపు, జానెడు దూరం నుంచి కుంచె గీతలు తెలిసేలా, చివరిది కుర్చీ పైనో దీవాన్ పైనో గోడకు పెట్టి. ఈ చివరి ఫొటో లేకపోతే "ఇంత చిన్నదా?" అన్న గొడవ తప్పదు. కొలతలు అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ రాసినా చాలామంది చదవరు, కుర్చీని చూసి అర్థం చేసుకుంటారు.

ప్రింట్లు అమ్మాలనుకుంటే లెక్క వేరు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటుకు ఏ4 సైజులో 2480×3508 పిక్సెళ్లు, ఏ3లో 3508×4961 పిక్సెళ్లు ఉండాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఇచ్చేది 4000×3000. ఏ4కు హాయిగా సరిపోతుంది. ఏ3కు 240 డీపీఐ దగ్గర ఆగుతుంది, పరవాలేదనిపించే ప్రింటే వస్తుంది. అంతకంటే పెద్దది కావాలంటే స్కానింగ్‌కు ఇవ్వాల్సిందే.

కట్టడం

ఎక్కువ మంది చతికిలబడేది ఇక్కడే. కొరియర్‌వాళ్లు బరువును తూకం మీదే కాదు, పెట్టె పరిమాణం మీద కూడా లెక్కిస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి, మామూలుగా 5000తో భాగించాలి. ఆ అంకె, అసలు తూకం, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. అద్దం ఫ్రేముతో ఉన్న 12×16 బొమ్మకు 55×43×10 పెట్టె పడుతుంది. లెక్కిస్తే 4.73 కిలోలు. తూకం రెండు కిలోలే ఉన్నా ఐదు కిలోల ధర కట్టాలి. అదే కాన్వాసును ఫ్రేము లేకుండా చుట్టి 48×12×12 పెట్టెలో పెడితే 1.38 కిలోలు, అంటే కిలోన్నర ధర. అద్దం పగిలితే అద్దం ఒక్కటే పోదు, ముక్కలు బొమ్మను గీకేస్తాయి. ఫ్రేము వేసి పంపి తీరాలంటే అద్దం బదులు 2 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు వేయించండి. మా సలహా మాత్రం ఫ్రేము లేకుండా అమ్మమనే. కొన్నవాళ్లు వాళ్ల ఊళ్లో కట్టించుకుంటారు. అందుకని ఏ4, ఏ3, 12×16, 12×18 లాంటి రెడీమేడ్ ఫ్రేము దొరికే సైజుల్లోనే గీయండి. 13×17 లాంటి వింత సైజు గీస్తే కొన్నవాళ్లకు ఫ్రేము ఖర్చు పెరుగుతుంది, ఆ కోపం మీ మీదికే వస్తుంది.

చుట్టే గొట్టాల కోసం ఆన్‌లైన్‌లో వెతకాల్సిన పని లేదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణంలో అడగండి. వినైల్ రోల్ అయిపోయాక మూడు అంగుళాల గట్టి అట్ట గొట్టం మిగులుతుంది, వాళ్లకది చెత్త. బట్టల దుకాణంలో తాను మధ్యలో ఉండే గొట్టాలు కూడా దొరుకుతాయి కానీ అవి సన్నం, పై బరువుకు నొక్కుకుపోతాయి. పీవీసీ పైపు గట్టిదే, బరువుకు డబ్బు కట్టాలి మరి.

కాన్వాసును రంగు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి ముడతలు పడుతుంది, ఆ ముడత నిలిచిపోతుంది. రంగు మీద బేకింగ్ పేపర్ పరిచి, గొట్టం పైన వదులుగా చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు, దాని మీద బబుల్ రాప్ బుడగలు బయటికి ఉండేలా. గొట్టాన్ని గొట్టంలాగే పంపితే దొర్లిపోయి ఎక్కడో ఇరుక్కుంటుంది కాబట్టి చతురస్రపు అట్ట పెట్టెలో పెట్టి, రెండు కొసలకూ కాగితం కుక్కండి. మందంగా రంగు పూసిన కాన్వాస్, నైఫ్ వర్క్ (కత్తిలాంటి పలకతో రంగు పూసేది), లిప్పన్ పని (మట్టిముద్దతో ఉబ్బెత్తుగా చేసే గుజరాత్ పని), అద్దాలు అతికించిన బొమ్మ అయితే చుట్టనే కూడదు. రెండు 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుల (తేలికైన ఫోమ్ పలకల) మధ్య పెట్టి, నాలుగు మూలలకూ అట్ట తొడుగులు వేసి, పెట్టెలో అన్ని వైపులా రెండంగుళాల ఖాళీ ఉంచి, ఆ ఖాళీని నింపాలి.

టేపు వేశాక పెట్టెను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ఏ చప్పుడూ రాకూడదు. చెడిపోయిన బొమ్మ ఒకటి పెట్టి నడుము ఎత్తు నుంచి ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద పడేయండి. పదిసార్లు పడినా లోపల బాగుంటేనే ఆ కట్టడం పనికొస్తుంది. ఇంట్లోవాళ్లు పిచ్చి పట్టిందంటారు, అననీయండి.

ధర

ధర కట్టడంలో పదిమందిలో తొమ్మిదిమంది ఒకేచోట తప్పు చేస్తారు. ఒక ఏ3 యాక్రిలిక్ బొమ్మను ఉదాహరణకు తీసుకుందాం. కాన్వాస్ 250, రంగులు 180, వార్నిష్ 60, పెట్టె, గొట్టం, టేపు కలిపి 160, కొరియర్ 140. పని పది గంటలు, గంటకు 150 చొప్పున 1500. మొత్తం 2290 రూపాయలు. మార్కెట్‌ప్లేస్ (అందరి సరుకూ అమ్మిపెట్టే సైటు) కమీషన్ 15 శాతం అనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా మన దగ్గరే పట్టుకుంటారు కాబట్టి నిజంగా పోయేది 17.7 శాతం. ఇక్కడ చాలామంది ఖర్చుకు 15 శాతం కలిపి 2633 అని పెడతారు. అందులోంచి 17.7 శాతం, అంటే 466 పోతే చేతికొచ్చేది 2167. ప్రతి బొమ్మకూ 123 రూపాయలు జేబులోంచి పోతున్నట్టే. కమీషన్ పట్టేది ఖర్చు మీద కాదు, అమ్మిన ధర మీద. అందుకే కలపకూడదు, భాగించాలి. కమీషన్ 17.7, పగిలినవి తిరిగొచ్చినవాటికి పక్కన పెట్టేది 5, మొత్తం 22.7 శాతం తీసేస్తే మిగిలేది 77.3. కాబట్టి 2290ని 0.773తో భాగిస్తే సుమారు 2960. ఇందులో ఇంకా లాభం లేదు, కూలి మాత్రమే ఉంది.

గంటకు 150 అంటే "మనమేమన్నా మేస్త్రీలమా" అని కూలి వదిలేసేవాళ్లున్నారు. మేస్త్రీ తన కూలి వదులుకోడు. అది వదిలేసి 900కు అమ్మడం మొదలుపెడితే ఆర్డర్లు పెరిగేకొద్దీ నిద్ర కరువవుతుంది తప్ప డబ్బు రాదు. మొదట తక్కువకు అమ్మి తర్వాత పెంచుదామన్న లెక్క కూడా పారదు. మొదట కొన్నవాళ్లే "పోయినసారి తొమ్మిది వందలకే ఇచ్చారు కదా" అని నిలదీస్తారు. మార్కెట్‌ప్లేస్‌లో ఒక ధర, వాట్సాప్‌లో ఒక ధర పెట్టినా అంతే.

చుట్టాల సంగతి కూడా ముందే తేల్చుకోండి. "మనోడే కదా, ఒకటి ఇయ్యి" అనేవాళ్లకు ఏడాదికి ఇన్ని అని మనసులో లెక్క పెట్టుకొని, అవి అయిపోయాక ధర చెప్పేయడమే.

క్యాష్ ఆన్ డెలివరీ ఒరిజినల్స్‌కు (ప్రింట్లు కాక, చేతితో గీసిన అసలు బొమ్మలకు) పెట్టొద్దు. తలుపు తీయని ఇంటి నుంచి పెట్టె వెనక్కి వస్తే రెండు వైపుల ఖర్చూ మీదే. యూపీఐతో ముందే కట్టించుకోండి. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే 2 శాతం, దానిపై జీఎస్టీతో 2.36 శాతం పోతుంది, అదీ లెక్కలో కలపాలి. విదేశీ సైట్లలో ఎట్సీ అమ్మకానికి పెట్టే ఒక్కో వస్తువు లిస్టింగ్‌కు 0.20 డాలర్లు తీసుకుంటుంది, నాలుగు నెలలు ఉంచుతుంది, అమ్మకం మీద 6.5 శాతం. పేమెంట్ చార్జీలు మళ్లీ వేరు.

కాగితాలు

జీఎస్టీ మీద సగం సగం తెలిసిన మాటలే ఎక్కువ తిరుగుతాయి. సరుకు అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో పరిమితి ఏడాదికి 40 లక్షలు కానీ తెలంగాణలో 20 లక్షలే. "మనం ఎట్లాగూ అంత అమ్మం" అని ఊరుకోవడం కుదరదు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలన్నది మామూలు నియమం. 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్లు కూడా ఈ-కామర్స్ సైట్లలో అమ్మొచ్చు కానీ పాన్ చూపించి జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, అమ్మకం సొంత రాష్ట్రం లోపలే ఉండాలి. హస్తకళల జాబితాలో ఉన్న వస్తువులకు వేరే మినహాయింపు ఉంది. పరిమితి లోపు అయితే రిజిస్ట్రేషన్ లేకుండానే ఇతర రాష్ట్రాలకు పంపొచ్చు. పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే బిల్లు) తీయాలి. మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఊళ్లో జీఎస్టీ పని చూసే ఆడిటర్‌ను అడిగి, ఆ పేజీ తెచ్చుకొని దగ్గర పెట్టుకోండి. చేతితో గీసిన పెయింటింగ్‌ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. పాత వీడియోలు చూసి 12 వేయకండి.

కాపీరైటు గురించి ఒక్క విషయం చాలామందికి తెలియదు. మీరు సొంతంగా గీసి అమ్మిన బొమ్మ గోడ మీదికి పోయినా దాని కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది. కానీ ఒకరు డబ్బిచ్చి చెప్పి గీయించుకున్న పెయింటింగ్‌కు, పోర్ట్రెయిట్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 చట్టం ప్రకారం కాపీరైటు మొదటి యజమాని గీయించుకున్నవాళ్లే. దాని ప్రింట్లు వేసి అమ్ముకోవాలనుకుంటే ఆర్డరు తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద రాయించుకోండి. ఆర్డరు బొమ్మలకు సగం డబ్బు ముందు, మార్పులు రెండుసార్లే, వార్నిష్ వేయకముందే ఫొటో పంపి సరే అనిపించుకోవడం. ఈ మూడూ ఒప్పుకోని గిరాకీని వదులుకున్నా నష్టం లేదు.

రామప్పనో, వేయిస్తంభాల గుడినో, కాకతీయ కళాతోరణాన్నో మీరు వెళ్లి చూసి గీస్తే ఏ ఇబ్బందీ లేదు. ఇంకొకరు తీసిన ఫొటోను చూసి మక్కీకి మక్కీ దింపితే అది వాళ్ల హక్కులో చేయి పెట్టడమే. అది గూగుల్‌లో దొరికినా సరే. చేర్యాల, నిర్మల్, పెంబర్తి, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, ఆదిలాబాద్ డోక్రా (మైనం అచ్చుతో పోత పోసే లోహపు పని), వరంగల్ దరీలు ఇవన్నీ జీఐ (భౌగోళిక గుర్తింపు) నమోదు ఉన్న పేర్లు. ఆ పేరు పెట్టి అమ్మే హక్కు అధీకృత వాడుకదారులుగా నమోదైనవాళ్లకు ఉంటుంది. హన్మకొండలో యాక్రిలిక్‌తో ఆ తరహాలో గీసినదాన్ని "అసలైన చేర్యాల" అని రాయడం తప్పు, తరతరాలుగా ఆ పటాలు గీస్తున్న నకాషీ కుటుంబాల పొట్ట కొట్టడం కూడా. ఏ గుడ్డ, ఏ రంగు, ఎక్కడ గీసింది, ఉన్నదున్నట్టు రాయండి.

మోసగాళ్లు

మొదటి పదిహేను రోజుల్లో నిజమైన గిరాకీ కంటే ముందు వీళ్లే వస్తారు. "నేను ఆర్మీలో ఉన్నా, రాలేను, ఐదు బొమ్మలూ కావాలి, ధర అడగను" అని ఒకరు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు పడుతుందంటాడు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ డబ్బు పోతున్నట్టే. ఇంకో రకం ఇంగ్లీషులో మెయిలు: భార్యకు మీ బొమ్మ తెగ నచ్చిందట, ఎక్కువ డబ్బు పంపుతాడట, మిగిలింది వాళ్ల షిప్పింగ్ ఏజెంటుకు మీరు పంపాలట. ఎప్పుడో తీరిగ్గా కాదు, డబ్బు పోయిన గంటలోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేస్తే ఖాతా ఆపించే అవకాశం ఉంటుంది.

ఎన్ని, ఎప్పుడు

పన్నెండు బొమ్మలు చేతిలో లేకుండా దుకాణం తెరవొద్దు. అవి కూడా పన్నెండు రకాలు కాదు, చూస్తే ఒకే చేతివని తెలిసేలా, రెండే సైజుల్లో. ఒకటి అమ్ముడుపోతే అలాంటిది ఇంకోటి ఎన్ని రోజుల్లో ఇవ్వగలరో మీకు కచ్చితంగా తెలియాలి. ఐదు వందల లోపు ప్రింట్లు, రెండు మూడు వేల చిన్న ఒరిజినల్స్, ఒకటి రెండు పెద్దవి, ఇట్లా మెట్లు ఉంటే కొత్తవాళ్లు కింది మెట్టు నుంచి ఎక్కుతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు బతుకమ్మ బొమ్మ అడుగుతారు. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు పోయింది కాబట్టి పోస్టులో పంపే ముందు ఆ రోజు లెక్క అడగాలి. ఎవరైనా వెళ్తుంటే సూట్‌కేసులో 16 అంగుళాల గొట్టం ఇమిడిపోతుంది, ఇప్పటికీ చాలా బొమ్మలు సముద్రం దాటేది అట్లనే. ఇత్తడి, డోక్రా విగ్రహం పంపితే తేదీ ఉన్న బిల్లు తప్పకుండా వెంట ఉండాలి. పాతదానిలాగా కనిపించే విగ్రహాన్ని నూరేళ్లు దాటిన పురావస్తువేమోనని విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది.

బతుకమ్మ బొమ్మలు పండుగ వారంలో పెడితే ఎవరూ కొనరు. కొరియర్‌కు వారం, ఫ్రేము కట్టించుకోవడానికి వారం పడుతుంది కాబట్టి పెత్రమాసకు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు) ఆరు వారాల ముందే ఫొటోలు ఎక్కాలి. అంటే గీయడం ఆషాఢంలో, బోనాల నాటికే మొదలవ్వాలి. పెళ్లి జంటల బొమ్మలకు శ్రావణం, మాఘం ముహూర్తాల ముందు నెల. సమ్మక్క సారలమ్మ బొమ్మలకు జాతర రెండేళ్లకోసారే, 2026 జనవరిలో అయింది, మళ్లీ 2028లో. ఈ మధ్యలో గీసినవి మడత పడకుండా, బూజు పట్టకుండా దాచే చోటు ఇంట్లో ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.